ఒక మనిషి తక్కువ పడవ

ఓడకి పదకొండు అంతస్తులు. పైన ఎనిమిదింటిలో దీవులు చూడ్డానికి వచ్చినవాళ్ళున్నారు. కింద మూడింటిలో ఇంజన్లు, వంటిళ్ళు, దుప్పట్లు ఉతికే యంత్రాలు ఉన్నాయి. ఆ యంత్రాల గోడకి ఆనుకుని ఉన్న నాలుగు గదుల్లో, మనుషుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళున్నారు.

కంపెనీ అచ్చేసిన రంగు కాగితం మాత్రం అందరికీ ఒకటే. "తొమ్మిది పగడపు దీవులు, పదకొండు రోజులు, మీ ఆత్మీయులతో మధురమైన కలయిక." అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అదే దాని దుర్మార్గం.

ఆరో రోజు పొద్దున సూరాడ కొర్లమ్మ గుండ్రటి కిటికీలోంచి ఆరో దీవిని చూసింది. తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు, గడ్డి కప్పిన గుడిసెలు. ఆ గడ్డి గుడిసెలకి లోపల ఏసీలు. పదిహేనేళ్ళ కింద ఈ దీవులు సగం మునిగాయి. నీళ్ళు వేడెక్కి చుట్టూ ఉన్న పగడపు గోడ చచ్చింది. గోడ చచ్చాక కెరటం లోపలికొచ్చి ఇసుకని తినేసింది. ఇప్పుడు దీవులు మళ్ళీ తేరుకున్నాయి. వాటంతటవి తేరుకోలేదు. అడుగున మనుషులున్నారు. చిటికెన వేలంత పగడపు ముక్కని రాతికి అతికించి, అది పట్టుకునేదాకా కాపలా కాసి, దాని పక్కన ఇంకోటి అతికించే మనుషులు. మొదట యంత్రాలు దించి చూశారు. యంత్రం ముక్కని విరగ్గొట్టేది. మనిషి చెయ్యి విరగ్గొట్టదు.

ఆ చేతుల్లో ఒక జత కొర్లమ్మ మొగుడు దానయ్యవి. ఇంకో జత ఆమె తమ్ముడు ఎల్లాజీవి.

"వదినా, మనోలది ఏడోది గదా," అంది రాజులమ్మ, పై బెర్తు మీంచి తల కిందికి వేలాడేసి. రాజులమ్మ ఎల్లాజీ పెళ్ళాం. పెళ్ళయిన నాలుగో నెలలో మొగుడు వెళ్ళిపోయాడు. రెండేళ్ళుగా మొగుడి గొంతు వినలేదు. నీళ్ళ అడుగున ఫోన్లు పలకవు.

"ఏడోదే. రేపు పొద్దున."

"రేపు పొర వొలిసీస్తారు. ఎల్లుండి మన గదిలోకి పంపించీస్తారు."

"ఒలిసినాక మూడ్రోజులు పడకేసి ఉంచాలట. గాలి అలవాటవ్వాల."

"మూడ్రోజులూ నానే సూసుకుంతాను. ఆ నర్సమ్మని దగ్గరికి రానివ్వను."

"ఏటి, తెల్లగుంతాదని బయవా?"

రాజులమ్మ దిండు తీసి వదిన మీద వేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఓడలో వాళ్ళు నవ్విన ఆఖరి నవ్వు అది.

*

పదింటికి ఓడ ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. కొర్లమ్మ ఒక్కర్తినే రమ్మన్నారు.

ఆసుపత్రికి వెళ్ళాలంటే పై అంతస్తు దాటాలి. ఈత కొలను పక్కన ఒకావిడ టోపీ పెట్టుకుని పడక కుర్చీలో కూర్చుని ఉంది. కొర్లమ్మ చీరకట్టు చూసి పలకరించింది.

"మీరు తెలుగువాళ్ళా? అయ్యో, భలే. మాది హైదరాబాద్. రేపు అద్దాల పడవ టికెట్లు తీసుకున్నారా? అడుగున మనుషులు చేపల్లాగా తిరుగుతారట. చెయ్యి ఊపితే తిరిగి ఊపుతారట."

"మావోలే," అంది కొర్లమ్మ.

"ఎవరు?"

"అడుగునున్నోలు."

ఆవిడ నల్ల కళ్ళద్దాలు పైకెత్తింది. "ఓ, కింద ఫ్లోర్‌లో పని చేస్తారా? మంచిది మంచిది," అని మళ్ళీ కళ్ళద్దాలు దించుకుంది.

ఆసుపత్రిలో డాక్టర్ వల్లూరి హైమవతి ఒక గాజు పళ్ళెం ముందు కూర్చుని ఉంది. పళ్ళెంలో సముద్రపు నీళ్ళు. నీళ్ళలో అరచేయంత పొర ఒకటి ఎర్రగా, పల్చగా, తనలో తాను ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. డాక్టర్ పట్టకారుతో దాన్ని నీళ్ళలోంచి ఎత్తి గాలిలో పట్టుకుంది. చూస్తుండగానే అంచులు ముడుచుకోవడం మొదలైంది. మళ్ళీ నీళ్ళలో వేసింది. మళ్ళీ ఉబ్బింది.

"గాలిలో పన్నెండు నిమిషాలు ఉంచితే అప్పడం అవుతుంది," అంది డాక్టర్. "మీవాళ్ళ ఛాతీల్లో ఉన్నది ఇదే. మొప్పల పని చేస్తుంది. నీళ్ళు పీల్చుకుని అందులోంచి ప్రాణవాయువు తీస్తుంది."

"తెల్సు డాట్రమ్మా. ఎయ్యకముందు సినిమా ఏసి సూపించినారు."

"దేని కోసం చేశానో ఆ సినిమాలో చెప్పి ఉండరు. నెలలు నిండకుండా పుట్టే పిల్లల కోసం చేశాను. ఊపిరితిత్తులు పండని పిల్లల్ని నీళ్ళలోనే ఉంచి, ఈ పొరతో నాలుగు వారాలు బతికించి, తర్వాత వొలిచి తల్లి చేతిలో పెట్టాలని. పదకొండు మందిని పెట్టాను. అప్పుడు కంపెనీ వచ్చి నా కాగితాలు కొనుక్కుంది. పిల్లలకి మాత్రమే వాడాలి అన్న మాట వాటిలో రాయలేదు నేను. రాయాలని తోచలేదు."

ఆమె తన గొడవ చెప్పుకుంటోంది. కొర్లమ్మకి ఆ గొడవతో పని లేదు.

"నన్నెందుకు పిలిసినారు?"

"కూర్చో."

"నిలబడతాను. సెప్పండి."

"పోయిన వారం మీ పడవవాళ్ళు అయిదుగురికీ ఛాతీ ఫోటోలు తీశాం. నలుగురికి పొర వొలవచ్చు. ఎల్లాజీకి రాదు."

కొర్లమ్మ పళ్ళెంలోకి చూసింది. అది ఉబ్బుతూ తగ్గుతూ ఉంది.

"చిన్నప్పటి ఉబ్బసం వల్ల అతని తిత్తుల్లో మచ్చలున్నాయి. మచ్చ ఉన్నచోటల్లా పొర వేరు తన్నింది. లాగితే దాంతోపాటు తిత్తి చిరిగొస్తుంది. అతను ఇంక గాలి పీల్చలేడు. ఎప్పటికీ."

*

రెండేళ్ళ కింద కొత్తరేవుపేటలో వలలు ఖాళీగా వస్తున్న రోజుల్లో కంపెనీ మనుషులు వచ్చారు. నీళ్ళ భయం లేనివాళ్ళు కావాలన్నారు. మూడు వందల ఇళ్ళ పేటలో నీళ్ళ భయం ఉన్నవాడు దొరకడమే కష్టం. దానయ్య పడవ సరంగు. అంటే పడవలో ఆఖరి మాట అతనిది. అతని కింద నలుగురు కలాసీలు. అందులో ఒకడు ఎల్లాజీ.

పరీక్ష చేసిన హైమవతి నలుగుర్ని ఎంచి ఎల్లాజీని పక్కకి పెట్టింది. అతని ఛాతీలో ఈల వినబడుతోందని రాసింది. దానయ్య ఒప్పందం కాగితాన్ని బల్ల మీద వెనక్కి తోశాడు.

"నలుగురితో పడవ తొయ్యం. అయిదుగురూ, లేపోతే ఎవలూ రారు."

ఆ మాట దానయ్యది కాదు. ముందు రోజు చేపలు ఎండేసే చోట కొర్లమ్మ అతని చేత అనిపించిన మాట.

"మా తమ్ముణ్ణి కూడా తీసుకుపో మావా. ఒడ్డున వొదిలేస్తే ఆయాసంతోనే సస్తాడు. సముద్రం మీద ఆడికి ఆయాసం రాదు. నీకు తెల్దా?"

దానయ్యకి తెలుసు. పేటంతటికీ తెలుసు. ఒడ్డున రోజంతా ఈలేసే ఆ ఛాతీ, పడవ కెరటం దాటగానే నోరు మూసుకునేది. ఉప్పుగాలి మహత్యమో ఏమో, పద్దెనిమిదేళ్ళుగా అందరూ కళ్ళారా చూసిన సంగతి. సముద్రం ఎల్లాజీకి మందు. కాబట్టి సముద్రంలోకి ఎంత లోతుకి వెళితే అంత మంచిది. ఈ లెక్కలో తప్పు పట్టగల మనిషి పేటలో ఒక్కరూ లేరు. నీటి మీద గాలి వేరు, తిత్తిలో నీరు వేరు అని చెప్పగల మనిషి ఒక్కతే ఉంది. ఆమె ఒకసారి చెప్పింది. కంపెనీ నుంచి ఫోన్ వచ్చాక రెండోసారి చెప్పలేదు. ఈల అన్న మాట కొట్టేసి సంతకం పెట్టింది.

సంతకాలు పెట్టేవాళ్ళకి నిద్ర ఎలా పడుతుందో అని మనం అనుకుంటాం. బాగానే పడుతుంది. పాడవడం తర్వాత ఎప్పుడో, ఇలా ఓడలో, ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడ్డప్పుడు మొదలవుతుంది.

*

"ఇంకొకటి ఉంది," అంది హైమవతి. "మిగతా నలుగురు కూడా వొలిపించుకోం అంటున్నారు. రేపు సాయంత్రానికి రెండేళ్ళు నిండుతాయి. ఆ తర్వాత పొర కింద ఉన్న అసలు తిత్తి చర్మం చచ్చిపోతుంది. అప్పుడు వాళ్ళు కూడా ఎల్లాజీ లాంటివాళ్ళే. కంపెనీ ఇప్పటికే కాగితాలు తయారు చేసింది. ఇష్టపూర్వక పొడిగింపు అట."

"ఇష్టం కాదు," అంది కొర్లమ్మ.

"మరేమిటి? నువ్వైనా చెప్పు. ఎంత అడిగినా వాళ్ళు పలక మీద ఒకటే రాస్తున్నారు. మనిషి తక్కువ అని."

కొర్లమ్మకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. డాక్టరుకి ఆమే చెప్పింది. కొత్తరేవుపేటలో అయిదుగురితో వెళ్ళిన పడవ నలుగురితో తిరిగొస్తే ఆ నలుగురూ ఇంటి గడప తొక్కరు. ఇసుకలో పడవ పక్కనే కూర్చుంటారు. కూడూ నీళ్ళూ అక్కడికే పంపాలి. వానొచ్చినా అక్కడే. పోయినవాడి తల్లి, తల్లి లేకపోతే తోబుట్టువు, బిందెతో వచ్చి ఒక్కొక్కడి కాళ్ళ మీద నీళ్ళు పోసి "మావోడు పోనాడు, నువ్వెల్లు" అనాలి. అప్పటిదాకా వాళ్ళకి ఇల్లు లేదు, పెళ్ళాం లేదు. పోయినవాడి పెళ్ళాం పోస్తే చెల్లదు. పెళ్ళాం ఆశ వొదులుకోదు, నెలైనా బిందె ఎత్తదు. అది తెలిసే పెద్దలు ఆ పని ఆమెకి పెట్టలేదు.

కొర్లమ్మ తల్లి పోయి ఆరేళ్ళు. ఎల్లాజీకి ఉన్న తోబుట్టువు కొర్లమ్మ ఒక్కతే.

"కానీ ఎల్లాజీ బతికే ఉన్నాడు కదా," అంది హైమవతి.

"అదే గదమ్మా సిక్కు."

"నువ్వు నీళ్ళు పోస్తే వాళ్ళు పైకి వస్తారా?"

"వొస్తారు. మరి మావోడు?"

హైమవతి చేతులు కడుక్కుంది. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్ళీ కడుక్కుంది.

"ప్రతి ఆరు గంటలకీ పొర మీద జిగట పేరుకుంటుంది. ఎవరికి వాళ్ళు తీసుకోలేరు. వెనకనుంచి ఒకడు పట్టుకుని పక్కటెముకలు నొక్కాలి. ఎప్పుడు నొక్కాలో, ఎంత నొక్కాలో ఆ చేతికి తెలియాలి. ఒంటరివాణ్ణి కంపెనీ వేరే దీవివాళ్ళతో జత చేస్తుంది. నాలుగో దీవిలో ముగ్గుర్ని అలా చేశారు. ముగ్గురూ నెల తిరక్కుండా పోయారు. గుండె ఆగిందని రాయించారు నాతో."

"మీరు రాసినారు."

"రాశాను."

తిట్టినా బాగుండేది అనుకున్నట్టు డాక్టర్ కొర్లమ్మ మొహంలోకి చూసింది. తిట్టలేదు.

*

రాజులమ్మకి చెప్పడానికి కొర్లమ్మ మాటలు వెతుక్కోలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. దుప్పట్ల యంత్రం గోడవతల దబదబ తిరుగుతోంది. రాజులమ్మ లేచి చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరిగెత్తింది. కొర్లమ్మ వెళ్ళేసరికి డాక్టర్ ముందు నిలబడి జాకెట్టు పైహుక్కు విప్పి ఛాతీ చూపిస్తోంది.

"నాకెయ్యండి ఆ పొర. ఇప్పుడే ఎయ్యండి. నాను దిగుతాను. నాకు ఈతొచ్చు, బయం లేదు."

"ఆడవాళ్ళకి పట్టదమ్మా."

"ఏసి సూడండి."

"చూశాను. ఇద్దరికి. ఒకరు తొమ్మిది రోజులు, ఒకరు పదమూడు. ఇంక ఎవరికీ వెయ్యను. కంపెనీ నన్ను తీసేసినా సరే."

రాజులమ్మ హుక్కు పెట్టుకుంది. పెట్టుకోవడం చాలాసేపు పట్టింది. గదిలోకొచ్చాక వదిన మొహం చూడకుండా అంది.

"నువ్వు పొయ్యవు గదా వదినా."

అప్పటికే గుమ్మంలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. మిగతా ముగ్గురు కలాసీల తాలూకు మనుషులు. ఇద్దరు పెళ్ళాలు, ఒక తల్లి. ఆ తల్లి పేరు గనగళ్ళ దేముడమ్మ. డెబ్భై ఏళ్ళు. కొడుకు నరసింగుని తీసుకెళ్ళడానికి కర్ర పట్టుకుని ఓడెక్కింది. ఓడలో వార్తలు నీళ్ళ కంటే తొందరగా పారతాయి.

"కొర్లీ, నీకు నాను మొక్కకూడదు. నువ్వు నాకంటే సిన్నదానివి," అంది దేముడమ్మ. "అయినా మొక్కుతాను."

"కూకో పిన్నీ."

"కూకోను. నీ తమ్ముడు నాకు మాత్రం కొడుకు కాదేటి? నా ఒల్లో పెరిగినాడు. అలాగని నలుగురు గుంటల్ని ఆడితో కట్టీసి ముంచీమంతావా?"

"ఎవలు ముంచమన్నారు?" రాజులమ్మ లేచింది. "సావనోడికి సావు నీల్లు పోత్తారా? నీ కొడుక్కైతే పోత్తావా ముసిల్దానా?"

"నా కొడుక్కైతే నాను పొయ్యలేను," అంది దేముడమ్మ మెల్లిగా. "అందుకే దీన్ని అడుగుతున్నాను. నాకంటే ఇది గట్టిది."

మనుషుల్ని నిలువునా కోయాలంటే తిట్టక్కర్లేదు. గట్టిదానివి అంటే చాలు.

వాళ్ళు వెళ్ళిపోయాక కొర్లమ్మ మంచం అంచున కూర్చుంది. పై అంతస్తులో ఎవరిదో పుట్టినరోజు, పాట పాడుతున్నారు. ఇంటి దగ్గర కూతురు సుభద్ర ఈపాటికి బడి నుంచి వచ్చి పక్కింట్లో పలక ముందేసుకుని కూర్చుని ఉంటుంది. ఆరేళ్ళది. మా నాన్న సముద్రం కింద తోటమాలి అని మేష్టారికి చెప్పిందట. నాన్నని తెస్తానని దానికి చెప్పి వచ్చింది కొర్లమ్మ. ఎన్ని రోజులకి అంటే, వేళ్ళు లెక్కపెట్టి చూపించింది.

*

ఏడో దీవి దగ్గర ఓడ పక్కనే ఇనుప దొన్నెలాంటి గది ఒకటి నీళ్ళలో తేలుతోంది. ఆవిరి గది అంటారు. సగం గచ్చు, సగం సముద్రం. మధ్యలో మెట్లు. ఆ గదినిండా వేడి ఆవిరి వొదిలితే పొర తొందరగా ఎండదు. పన్నెండు నిమిషాలు ఇరవై అవుతాయి. రెండేళ్ళకి ఇరవై నిమిషాలు. దాన్నే రంగు కాగితంలో మధురమైన కలయిక అన్నారు.

తొమ్మిది గంటలకి ఆడవాళ్ళని గదిలోకి పంపారు. డాక్టర్ గోడ దగ్గర నిలబడింది. కంపెనీ మనిషి ఒకడు గడియారం పట్టుకుని తలుపు బయట ఉన్నాడు. కొర్లమ్మ వంటింట్లోంచి అడిగి తెచ్చుకున్న స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. అది చూసి రాజులమ్మ దూరంగా జరిగి నిలబడింది.

అయిదుగురూ ఒకరి వెనక ఒకరు మెట్లెక్కి వచ్చారు. ముందు గచ్చు మీద బోర్లా పడి లోపలి నీళ్ళన్నీ కక్కారు. మూడు నిమిషాలు దానికే పోయాయి. ఒంటి మీద వెంట్రుక లేదు. చర్మం నానిపోయిన వేలి కొసలాగా ముడతలు పడి తెల్లగా ఉంది. నల్లటి మనుషులు వాళ్ళు. దేముడమ్మ కొడుకుని గుర్తుపట్టడానికి ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని చూడాల్సొచ్చింది.

దానయ్య లేచి కూర్చున్నాడు. గొంతు బొంగురుగా, ఎక్కడో గొట్టంలోంచి వచ్చినట్టుంది.

"ఏటే, సిక్కిపోనావు. నానేమో అడుగున మేసి మేసి బలిసినాను."

"బలిసింది కనబడతంది. తలకాయ తంపటేసిన దుంపలాగుంది."

"సుబద్ర?"

"బడికెల్తంది. నీ పొటోకి మీసం దిద్దింది బొగ్గుతో. మా నాన్నకి మీసం సాల్లేదంతాది."

దానయ్య మీసం ఉండాల్సిన చోట తడుముకున్నాడు. అందరూ తలా ఒక మాట అంటున్నారు. ఎవరి మాట ఎవరికీ పూర్తిగా అందడం లేదు. ఎల్లాజీ ఒక్కడే అక్క ముందుకొచ్చి ఛాతీ చూపించాడు.

"అప్పా, సెవి పెట్టి ఇను. ఈల లేదు."

ఆమె చెవి పెట్టింది. నిజమే. ఈల లేదు. లోపల నీళ్ళు గలగలలాడుతున్నాయి.

"నువ్వు సెప్పినట్టే అయ్యింది," అన్నాడు ఎల్లాజీ. వెటకారం కాదు. నిజంగానే అన్నాడు. పాతికేళ్ళకి మొదటిసారి ఆయాసం లేకుండా బతుకుతున్నవాడి మాట అది. కొర్లమ్మకి అంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేరు.

"ఎనిమిది నిమిషాలయ్యాయి," అంది డాక్టర్.

దానయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇగో, అందరూ ఇనండి. ఏడుపులొద్దు. మాం రాం. పొర ఒలిపించుకోం. మనిషి తక్కువతో రాం."

"ఈల్లకి నాను సెప్పి సెప్పి సచ్చినాను," అన్నాడు ఎల్లాజీ. "ఎల్లిపొండ్రా, నా కర్మ నాదీ అంతే ఇనరు. బావైతే ఇంకాను. నాను సెప్తే సెల్లదట. అప్పా, నువ్వు పొయ్యి. గిన్నె తెచ్చినావు గదా. పొయ్యి."

"ఒరే," అంది రాజులమ్మ. మొగుణ్ణి ఒరే అంది. "నన్నడగవేటి?"

ఎల్లాజీ ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పాడో మిగతావాళ్ళకి వినబడలేదు. ఆమె అతని తడి చెయ్యి పట్టుకుని తన చెంపకి అద్దుకుని అలాగే ఉంచుకుంది. మొహం మాత్రం గోడవైపు తిప్పుకుంది.

కొర్లమ్మ వంగి మెట్టు దగ్గర గిన్నె ముంచింది. సముద్రం నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

మొదట నరసింగు. ఇరవై రెండేళ్ళవాడు. కాళ్ళు దగ్గరికి పెట్టి నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని. కొర్లమ్మ నీళ్ళు పోసింది. మాట రాలేదు. మళ్ళీ ముంచి మళ్ళీ పోసింది.

"మావోడు పోనాడు," అంది. "నువ్వెల్లు."

ఆ మావోడు రెండు బారల దూరంలో నిలబడి వింటున్నాడు. తల ఊపుతున్నాడు కూడా, సరిగ్గానే అంటున్నావన్నట్టు. దేముడమ్మ కర్ర వొదిలేసి కొడుకు చెయ్యి పట్టుకుని డాక్టర్ వైపు లాక్కుపోయింది, ఎవరైనా మాట మార్చుకుంటారేమోనని.

రెండోవాడి కాళ్ళ మీద పోసింది. "మావోడు పోనాడు. నువ్వెల్లు." మూడోవాడు ఎల్లాజీ వైపు తిరిగి చేతులు జోడించబోతే ఎల్లాజీ ఆ చేతుల్ని కొట్టి కిందికి దించాడు. "పోరా," అన్నాడు. ఆమె పోసింది. "మావోడు పోనాడు. నువ్వెల్లు." మూడోసారికి ఆ మాటలు ఎవరో పెట్టిన పాఠంలాగా వాటంతటవే వచ్చాయి. ఎంత పాపిష్టి మాటైనా మూడుసార్లు అంటే నోటికి అలవాటైపోతుంది. కొర్లమ్మకి తన నోటి మీదే అసహ్యం వేసింది.

ఇక మిగిలింది దానయ్య.

అతను ముందుకొచ్చి ఎల్లాజీ పక్కన నిలబడ్డాడు. గిన్నెలో ఇంకా సగం నీళ్ళున్నాయి. కొర్లమ్మ అతని కాళ్ళు చూసింది. పదేళ్ళు ఆ కాళ్ళు గుమ్మంలో ఇసుక దులుపుకోవడం విన్నది. తర్వాత చేతులు చూసింది. వేళ్ళు పగడానికి కోసుకుపోయి మొద్దుబారి ఉన్నాయి. ఒక చెయ్యి ఆ క్షణంలో ఎల్లాజీ వీపు మీద ఉంది. ఎల్లాజీ దగ్గబోతున్నట్టు భుజం కొంచెం కదిలింది, అంతే. ఎవరూ చెప్పకుండా, దానయ్య అటు చూడకుండానే, ఆ చెయ్యి పక్కటెముకల మీదికి జారి ఒక నొక్కు నొక్కింది. ఎల్లాజీ జిగట ఉమ్మి, నోరు తుడుచుకుని ఊపిరి తీశాడు.

కొర్లమ్మ గిన్నె వంచింది. నీళ్ళు మెట్ల మీంచి సముద్రంలోకి పోయాయి.

"కొర్లమ్మా," అంది డాక్టర్. "ఏం చేస్తున్నావ్? అయిదు నిమిషాలే ఉంది. ఇతనికి కూడా పొయ్యి. సాయంత్రం దాటితే నేనేం చెయ్యలేను."

"తెల్సు."

"అప్పా, బావక్కూడా పొయ్యి," అన్నాడు ఎల్లాజీ. "సుబద్ర ఉంది. పొయ్యప్పా."

"నీల్లయిపోనాయి," అంది కొర్లమ్మ.

చుట్టూ కనుచూపు మేర సముద్రం. దానయ్య పెళ్ళాం మొహంలోకి చూశాడు. అతనికి కోపం వస్తుందని ఆమె అనుకుంది. రావాలని కూడా కోరుకుంది. గిన్నె లాక్కుని తనే పోసుకుంటే బాగుండునని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గట్టిగా కోరుకుంది. అతను నవ్వాడు.

"అబద్దం ఆడ్డం కూడా సేత కాదు దీనికి," అన్నాడు బావమరిదితో. తర్వాత ఆమెతో, "ఈ వానలకి ముందే ఇంటి మీద రేకులు మార్పించు. ఈశాన్నం మూల కారతంది. మీ పెదనాన్నని పిలవకు, ఆడికి మేకు కొట్టడం రాదు."

"అలాగే."

"మన గుంటకేటి సెప్తావు?"

"ఏటి సెప్పమంతావు?"

దానయ్య ఆలోచించాడు. చెయ్యి ఎత్తి ఆమె తల మీద పెట్టబోయి, తడి చెయ్యి అని గుర్తొచ్చి ఆపేశాడు. కొర్లమ్మే ఆ చెయ్యి పట్టుకుని తల మీద పెట్టుకుంది.

బయట గడియారం మనిషి తలుపు కొట్టాడు.

ఎల్లాజీ ముందు దిగాడు. దిగేముందు రాజులమ్మ చెయ్యి విడిపించుకోడానికి దానయ్య సాయం చెయ్యాల్సి వచ్చింది. అక్క వైపు చూడలేదు. నీళ్ళు మెడదాకా వచ్చాక నోరు తెరిచి సముద్రాన్ని లోపలికి పీల్చాడు. దానయ్య వెనకనే దిగాడు, ఒక చెయ్యి అతని వీపు మీదే ఉంచి.

డాక్టర్ వెళ్ళిన పక్క గదిలో ముగ్గురు మనుషులు పొర వొలిపించుకుంటూ మొదటి గాలికి అరుస్తున్నారు. రాజులమ్మ గచ్చు మీద కూలబడి వదిన చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"ఊరుకో," అంది కొర్లమ్మ.

ఆమె నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. మనిషి మునిగితే కాసేపు బుడగలొస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు వాటిని చూసి అక్కడున్నాడు, ఇంకా ఉన్నాడు అనుకుంటారు. ఆమె అలవాటు కొద్దీ వాటికోసం చూసింది. రాలేదు. నీళ్ళు పీల్చేవాళ్ళకి బుడగలుండవు.

కంపెనీ మనిషి లోపలికొచ్చి ఆవిరి కట్టేశాడు.